గాజులో నీళ్ళు కనపడనప్పుడు

నేను రిటైరైన రోజు, నాకు శాలువా కప్పిన పెద్దమనిషి మైకు ముందు నిలబడి, బూడిద విభాగంలో నేను చేసిన సేవలు మరువలేనివన్నాడు. బూడిద విభాగంలో నేను ఉన్నది ఏడాది కూడా కాదు. అదీ శిక్ష కింద. మిగతా ఉద్యోగమంతా బాయిలరు డెస్కు దగ్గర గడిచింది. ఆ హాల్లో కూర్చున్నవాళ్ళలో సగంమందికి ఆ సంగతి తెలుసు. ఒక్కరు కూడా లేచి, "సార్, ఈయన డెస్కు మనిషి" అనలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను నమస్కారం పెట్టి, మిక్చరు పొట్లం తీసుకొని బయటికి వచ్చేశాను.

నాకు ఇలాంటివి మరపున పడవు. మా ఆవిడ కస్తూరి దీన్ని జబ్బంటుంది. "పెండ్లిరోజు గుర్తుండదు, బిడ్డ పుట్టినరోజు గుర్తుండదు. ఎవురు ఏమన్నారో మాత్రం మాట తప్పకుండా అప్పజెప్తావు" అంటుంది. అననీ. మరిచిపోవడం పెద్దమనుషుల లక్షణమని లోకం అంటుంది గాని, బాయిలరు దగ్గర పనిచేసేవాడికి అది లక్షణం కాదు, ప్రమాదం. నిన్న మూసిన వాల్వును ఈరోజు మరిచిపోతే ఏమౌతుందో ముందుకు పోయేకొద్దీ మీకే తెలుస్తుంది.

బొగ్గుతో కరెంటు తీసే కేంద్రాల్లో ఇప్పటికీ కొత్తగా చేరే పిల్లలు ఉన్నారు. ఇది వాళ్ళకోసం. ప్రమోషన్ల గురించి చెప్పడానికి యూనియన్‌వాళ్ళు ఉన్నారు. డెస్కు కుర్చీలో కూర్చునే అర్హత మనిషికి ఎలా వస్తుందో, నాకు ఎలా వచ్చిందో, అది మాత్రం నేను చెబుతాను. నేను పనిచేసిన కేంద్రం పేరు రాయను. సూళ్లూరుపేటలో రైలు దిగి కంపెనీ బస్సెక్కి సముద్రం వైపు పోయేవాళ్ళం. అంతవరకు చాలు.

ఒకటే కుర్చీ

ముందు పని ఏమిటో చెబుతాను. బొగ్గును పిండిలాగా నూరి బాయిలర్లోకి ఊది కాలుస్తారు. ఆ వేడికి గొట్టాల్లోని నీళ్ళు ఆవిరవుతాయి. ఆవిరి పోయి టర్బైనును తిప్పుతుంది. బాయిలరు పైకొసన డ్రమ్ము అని ఒక పెద్ద ఉక్కు పీపా అడ్డంగా ఉంటుంది. అందులో నీళ్ళు సగానికి అటూ ఇటూగా ఉండాలి. బాగా తగ్గితే కింద గొట్టాలు ఎర్రగా కాలి పగులుతాయి. ఆ పగిలే తావున మనిషి ఉంటే మిగలడు. బాగా పెరిగితే నీళ్ళు ఆవిరితోపాటు టర్బైనులోకి దూరి రెక్కలు విరగ్గొడతాయి. ఈ ఉద్యోగంలో మీరు నేర్చుకునే తక్కినవన్నీ దీని తర్వాతే.

మా కంట్రోల్ రూములో ఒక ఆచారం ఉండేది. బాయిలరు డెస్కు ముందు ఒకటే కుర్చీ. అర్హత పరీక్ష నెగ్గనివాడు ఆ కుర్చీలో కూర్చోకూడదు. బల్లమీది బటను ఏదీ తాకకూడదు. షిఫ్టు అయ్యేదాకా కుర్చీ వెనక నిలబడి చూడాలి. కుర్చీలో మనిషి లేచి టీకి పోయినా, ఖాళీ కుర్చీ వెనకే నిలబడాలి. కాళ్ళు వాచినా ఎవరూ అయ్యో అనరు. అందరూ అలా నిలబడి వచ్చినవాళ్ళే.

నేను చిత్తూరు వైపు ఒక చక్కెర మిల్లులో బాయిలరు పని చేసి అక్కడికి వచ్చినవాణ్ణి. నాతోపాటు అదే రోజు చేరినవాడు ప్రభాకర్, తిరుపతి టౌనువాడు, ఇంజనీరింగు చదివినవాడు. మా ఇద్దరికీ పని నేర్పాల్సింది షిఫ్టు ఇన్‌చార్జి చెంగల్రాయులు గారు. పుత్తూరు వైపు మనిషి. సన్నగా, చేతులు వెనక్కి కట్టుకొని నడిచేవారు. మొదటిరోజు మమ్మల్ని ఎదురుగా నిలబెట్టి నన్ను అడిగారు.

"ఇంతకు ముందు యాడ చేసినావప్పా?"

"చక్కెర మిల్లులో సార్. బాయిలరు."

"ఏం కాల్చేవోళ్ళు?"

"చెరకు పిప్పి సార్."

ప్రభాకర్ అందుకున్నాడు. "పిప్పి కాల్చినోడు బొగ్గు కాడికొస్తే ఈడ గూడా బెల్లం కాగబెడతాడేమో సార్!"

కంట్రోల్ రూమంతా నవ్వింది. చెంగల్రాయులు గారు నవ్వలేదు. అలాగని వాణ్ణి మందలించనూ లేదు. ఆ రోజు నుంచి నా పేరు పిప్పి. నాయన పెట్టిన గుణశేఖర్ అనే పేరు హాజరు పిలిచేటప్పుడు మాత్రం వినపడేది. పై అధికారి ఒక్కమాట అని ఉంటే ఆ పేరు ఆ పూటకే పోయేది. మీరు రేపు పై అధికారులైతే ఇది గుర్తుపెట్టుకోండి. మీరు నవ్వకపోవడం చాలదు.

గొట్టం మీద చెయ్యి

చెంగల్రాయులు గారి పద్ధతి వేరు. మిగతా ఇన్‌చార్జిలు పైపుల పటం చేతికిచ్చి చదువుకోమనేవాళ్ళు. ఈయన పటం లాక్కునేవారు.

"పటం నేనిస్తానప్పా, కడాకు. ముందు గొట్టం మింద చెయ్యి పెట్టు. అది యాడికి పోతే నువ్వూ ఆడికి పో. వొచ్చి నాకు పటం గీసి సూపించు."

గొట్టాల మీద వేడికి కాలని దూది మందంగా కట్టి, పైన అల్యూమినియం రేకు చుట్టి ఉంటుంది. తాకితే గోరువెచ్చగా ఉంటుంది. పంపు దగ్గర మొదలుపెట్టి, రేకు మీద చెయ్యి ఆనించుకుంటూ, మెట్లెక్కుతూ, జాలీ పలకల మీద నడుస్తూ పోవాలి. ఒకరోజు వచ్చి చెప్పాను.

"సార్, అది గోడలోకి పోయింది."

"గోడ అవతలికి నువ్వు పోలేదా?"

"దారి లేదు సార్."

"గొట్టానికి దారి దొరికింది గదా. నువ్వు దానికన్నా తెలివైనోడివి గదా. పో."

ఆ గోడ చుట్టూ తిరిగి అవతల ఆ గొట్టాన్ని మళ్ళీ పట్టుకునేసరికి షిఫ్టు అయిపోయింది. గీసిన పటం చూపిస్తే, ఒక వాల్వు మీద వేలుపెట్టి, "దీని చక్రం ఎట్ల తిరుగుతాది, అలక్కనా, బిగుతుగానా?" అన్నారు. నేను తిప్పి చూడలేదు. పటం తిరిగి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. ఇలా నెలలు నెలలు. బాగుందని ఏనాడూ అనలేదు.

ఈ పనిలో ఒంటరితనం అక్కడే మొదలౌతుంది. బాయిలరు చుట్టూ నడిచేటప్పుడు పక్కన మనిషి ఉండడు. ఉన్నా ఆ హోరులో మాట వినపడదు. ఇంటికి పోయి చెబుదామంటే ఇల్లు తిరుపతిలో, బిడ్డ బడి కోసం కస్తూరి అక్కడ. నేను క్వార్టర్సులో. సెలవు దొరికి పోయేసరికి వాళ్ళ మాటలు వాళ్ళకు కుదిరిపోయి ఉండేవి. నేను గొట్టాల సంగతి ఎత్తితే బిడ్డ టీవీ చప్పుడు పెంచేది. తప్పు పట్టను. గుర్తుంది, అంతే.

పైన డ్రమ్ము దగ్గర మాత్రం ఒక మనిషి దొరికాడు. యేసుపాదం. బాయిలరు మీద తిరిగి వాల్వులు తెరిచే, మూసే పని అతనిది. వెంకటగిరి పక్క పల్లె. నేను చెయ్యి ఆనించుకుంటూ ఎక్కి వస్తుంటే చూసి, "ఏమన్నా, గోడ పట్టుకొని నడిచే పిలకాయ మాదిరి వస్తా ఉండావు?" అని నవ్వాడు. ఆ నవ్వులో ఎగతాళి లేదు. తన చెంబులో నీళ్ళు నాకు పోశాడు. నన్ను పిప్పి అని ఒక్కసారీ పిలవనివాడు ఆ కేంద్రంలో అతనొక్కడే.

ఇప్పుడు పిల్లలకు సిమ్యులేటరు ఉంది. తెర మీద బాయిలరు అంతా కనపడుతుంది. మంచిదే. అయితే అక్కడ బాయిలరు పేలితే తెర మళ్ళీ మొదటికొస్తుంది. అది నేర్పలేనిది గొట్టం మీద చెయ్యి నేర్పుతుంది. చెంగల్రాయులు గారి మీద నాకు ఎన్ని ఫిర్యాదులున్నా ఈ మాట మాత్రం ఒప్పుకుంటాను.

నిండిందా, ఎండిందా

అర్హత పరీక్ష అంటే ముగ్గురు అధికారుల ముందు నిలబడి జవాబులు చెప్పడం. అది నెగ్గితే కుర్చీ. మిగతా ఇద్దరూ అడిగినవాటికి బాగానే చెప్పాను. చివర్న చెంగల్రాయులు గారు ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

"డ్రమ్ము గాజులో నీళ్ళ గీత కనపల్లేదు. నిండిందా, ఎండిందా?"

తెలియనివాళ్ళకు ఒక ముక్క. డ్రమ్ములో నీళ్ళ మట్టం చూడడానికి పక్కన నిలువుగా గాజు బిగించి ఉంటుంది. నీళ్ళు సగానికి ఉంటే గాజులో గీత కనపడుతుంది. అంచు దాకా నిండితే గీత ఉండదు. పూర్తిగా ఎండినా గీత ఉండదు. రెండూ చూడ్డానికి ఒకటే. ఎండిన బాయిలర్లోకి నీళ్ళు వదిలినా ముప్పే, నిండినదాంట్లోకి వదిలినా ముప్పే.

నేను తెలిసినదంతా చెప్పాను. డెస్కు మీద మీటర్లు చూస్తాను. లోపలికి పోయే నీళ్ళకూ బయటికి వచ్చే ఆవిరికీ పొంతన ఉందేమో చూస్తాను. మీటర్ల విభాగానికి ఫోను చేసి ఏది సరైనదో అడుగుతాను. తర్వాత మీకు ఫోను చేస్తాను.

"నేను ఎత్తకపోతే?"

"ఇంకోసారి చేస్తాను సార్."

ఆయన కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టారు. "నువ్వు ఊరందర్నీ అడిగి వొచ్చేదాకా బాయిలరు గమ్మునుంటాదా? కనపల్లేదంటే ఆపేయాల. అడిగేటోడు ఆ కుర్సీకి పనికిరాడు. పో."

మిగతా ఇద్దరూ నవ్వారు. నేను బయటికి వచ్చాను. తలుపు దగ్గర తన వంతు కోసం నిలబడ్డ ప్రభాకర్, "ఏమడిగినాడు పిప్పీ?" అన్నాడు. చెప్పాను. నేనేం చెప్పానో, దానికి ఆయన ఏమన్నారో అది కూడా చెప్పాను. ప్రభాకర్ లోపలికి పోయాడు. అదే ప్రశ్న. "ఆపేస్తాను సార్" అన్నాడట. నెగ్గాడు.

నేను ఊరుకోలేదు. పై అధికారికి ఫిర్యాదు రాసి ఇచ్చాను. పిప్పి సంగతి కూడా అందులో పెట్టాను. ఆయన నన్ను పిలిచి, చోటు మారితే మనసు కుదుటపడుతుందన్నాడు. మరుసటి వారం నన్ను బూడిద విభాగానికి వేశారు.

బాయిలర్లో మిగిలే బూడిదను నీళ్ళతో కలిపి పంపులతో దూరంగా చెరువుల్లోకి తోస్తారు. ఆ పంపుల దగ్గర నేను. కనుచూపు మేర బూడిద రంగు నీళ్ళు, మీద తెల్ల కొంగలు. అవి ఏం ఏరుకొని తినేవో నాకు అర్థమయ్యేది కాదు. మధ్యాహ్నాలు యేసుపాదం సైకిలు మీద అన్నం గిన్నెతో వచ్చేవాడు. ఒకరోజు, "అన్నా, చెంగల్రాయులు సార్ నీ మాట ఎత్తినాడు" అన్నాడు.

అన్నం కలపడం ఆపాను. "ఏమన్నాడు?"

"బూడిద పంపు కాడ నీళ్ళు కారతా ఉండాయంట. బిగించమని చెప్పమన్నాడు."

ఇద్దరం నవ్వుకున్నాం. నాకు తర్వాత నవ్వు రాలేదు.

ఆ మధ్యాహ్నం

కొందరు ఉద్యోగాలు మారి వెళ్ళిపోవడంతో డెస్కుకు మనుషులు తక్కువై నన్ను మళ్ళీ వెనక్కి పిలిచారు. కుర్చీలో ప్రభాకర్. వెనక నిలబడి నేను. అర్హత లేదు గనక ఏదీ తాకకూడదు. ఇంకోసారి పరీక్షకు కూర్చోవచ్చన్నారు, ఈలోపు ఏ మచ్చా రాకూడదన్నారు. అంటే ఇంకొక్క తప్పు జరిగితే కుర్చీ మాట మరిచిపోవాలని.

ఆ ముందురోజు డ్రమ్ము గాజు కారుతుంటే బాగుచేశారు. డెస్కు మీద నీళ్ళ మట్టం చూపే మూడు మీటర్లలో ఒకటి రిపేరుకు పోయి ఉంది. చెంగల్రాయులు గారు ఆఫీసు భవనంలో మీటింగులో ఉన్నారు. భోజనాలయ్యాక మిగిలిన రెండు మీటర్లూ విడిపోవడం మొదలుపెట్టాయి. ఒకటి నీళ్ళు పెరుగుతున్నాయంటోంది. ఇంకోటి తగ్గుతున్నాయంటోంది. ప్రభాకర్ వాకీటాకీలో యేసుపాదాన్ని గాజు చూడమన్నాడు.

"అన్నా, గాజులో ఏమీ కనపల్లేదన్నా."

"సరిగ్గా సూడు యేసుపాదం."

"సూస్తానే ఉండాను. గీతే లేదు."

"నిండిందా, ఎండిందా?"

"నాకెట్ల తెలుస్తాదన్నా? రెండూ ఒకే మాదిరి ఉంటాయి గదా."

ప్రభాకర్ ఫోను తీశాడు. మీటర్ల విభాగానికి చేసి ఏది సరైనదని అడిగాడు. వాళ్ళు చూసి చెబుతామన్నారు. ఆఫీసు భవనానికి చేశాడు. మోగుతోంది, ఎత్తడం లేదు. ఇంకోసారి చేశాడు. పరీక్షలో నేను చెప్పి ఓడిపోయిన జవాబు అంతా ఒక్కొక్కటిగా నా కళ్ళముందు చేస్తున్నాడు. వాడి మెడ మీద చెమట దిగడం నాకు కనపడుతోంది. మీటర్లు ఇంకా దూరం జరిగాయి.

"ఆపెయ్ ప్రభాకర్" అన్నాను.

"గమ్మునుండు పిప్పీ. లైన్లో ఎవురో వొస్తా ఉండారు."

నేను వాడి భుజం మీదుగా వంగాను. బాయిలరు ఆపడానికి రెండు ఎర్ర బటన్లు ఉంటాయి, పొరపాటున తగలకుండా రెండూ ఒకేసారి నొక్కాలి. రెండు చేతులతో నొక్కాను.

ఆ తర్వాత వచ్చే చప్పుడు మీలో చాలామందికి ముందు ముందు తెలుస్తుంది. మొదట అలారాలన్నీ ఒక్కసారిగా మోగుతాయి. పైన ఎక్కడో ఆవిరి బయటికి చీల్చుకుపోయే రొద. ఆ తర్వాత, రోజూ కాళ్ళ కింద ఉండే ఆ అదురు నెమ్మదిగా తగ్గిపోతుంది. అది ఆగినాకగాని అది ఉండేదని మనకు తెలియదు. గదిలో ఉన్నవాళ్ళందరూ నా వైపు చూశారు. నా పక్కన ఉన్నవాళ్ళు ఒక అడుగు దూరం జరిగారు. ఎందుకు జరిగారో వాళ్ళకూ తెలియదు.

చెంగల్రాయులు గారు రొప్పుతూ వచ్చారు. ఎవరినీ తిట్టలేదు. మీటర్ల వైపు ఒక చూపు చూసి, "గాజు సూసినారా?" అన్నారు.

"కనపల్లేదు సార్" అన్నాను నేను.

ఆయన ఇంకో మాట లేకుండా మెట్ల వైపు నడిచారు. లిఫ్టు కోసం ఆగకుండా డ్రమ్ము దాకా ఎక్కారట. గాజు బాగుచేసినవాళ్ళు దాని పై వాల్వూ కింది వాల్వూ మూసి, పనయ్యాక తెరవడం మరిచిపోయారు. ఆయన తన చేత్తో రెండూ తెరిచారు. గాజులో గీత వచ్చి నిలబడింది, సరిగ్గా ఉండాల్సిన చోట. డ్రమ్ములో నీళ్ళకు ఏ లోటూ లేదు. తప్పింది మీటర్లే.

నీళ్ళున్న బాయిలరు

విచారణ పెట్టారు. అంత పెద్ద యూనిట్ ఆగిపోయింది, ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. "నేను ఆపమనలేదు. అర్హత లేని మనిషి నా మీదుగా నొక్కినాడు" అని ప్రభాకర్ చెప్పాడు. అందులో అబద్ధం లేదు. నన్ను అడిగారు.

"నీళ్ళున్న బాయిలర్ని ఎందుకు ఆపావయ్యా?"

"ఉన్నాయని మీకు ఇప్పుడు తెలుసు సార్. నాకు అప్పుడు తెలీదు."

"పొగరుగా మాట్లాడుతున్నావు."

"ఉన్నమాట సార్."

చెంగల్రాయులు గారు నా పక్క కుర్చీలోనే కూర్చుని ఉన్నారు. కనపడకపోతే ఆపాలని నాకు చెప్పింది ఆయనే. ఆ మాట చెప్పి నన్ను పరీక్షలో తప్పించి పంపేసింది ఆయనే. నేను ఆయన వైపు చూశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. చివరిదాకా నోరు విప్పలేదు. నన్ను గట్టిగా హెచ్చరించి వదిలేశారు. హెచ్చరికకన్నా ఆ మౌనమే నాకు తగిలింది. ఇప్పటికీ తగిలే ఉంది.

డెస్కుకు మనుషులు ఇంకా తక్కువే గనక, హెచ్చరిక ఉన్నా కొన్ని నెలల తర్వాత మళ్ళీ పరీక్షకు పిలిచారు. ఈసారి గాజు ప్రశ్న వేస్తారని ఎదురుచూశాను. వేయలేదు. ఒక పంపు గురించి ఏదో అడిగారు, చెప్పాను. సంతకం పెట్టారు. కంట్రోల్ రూములో మొదటిసారి కుర్చీలో కూర్చున్నప్పుడు ఆయన అటుగా పోతూ ఆగారు. ఇప్పుడైనా ఒక మాట అంటారనుకున్నాను.

"కుర్సీ ఎత్తు సరిజేసుకో. మెడ నొప్పి పుడతాది" అని వెళ్ళిపోయారు.

తర్వాత చాలా ఏళ్ళు ఆ కుర్చీలో గడిపాను. నేనూ పరీక్షకుడినయ్యాను. అడిగి అడిగి ఆపుతానన్నవాళ్ళను నేనూ పంపేశాను. ఒక అమ్మాయి నా మీద ఫిర్యాదు కూడా ఇచ్చింది. ఆమె రెండోసారి వచ్చి నెగ్గినప్పుడు, "బాగా చెప్పావమ్మా" అన్నాను. ఆమె మొహం తిప్పుకొని పోయింది. అది ఆమె హక్కు. అనడం మాత్రం నేను మానలేదు.

ఈ ఉద్యోగంలో చేరేవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి. ఇప్పుడు ఎండ బాగా కాసే పూట సోలార్ కరెంటు వచ్చిపడి, మా యూనిట్లను తగ్గించమంటారు, పొద్దు వాలితే పెంచమంటారు. బాయిలర్లు అలసిపోతున్నాయి, ఆపరేటర్లూ అలసిపోతున్నారు. పటాలు మారతాయి, తెరలు మారతాయి. ఆ రెండు బటన్ల దగ్గర మాత్రం మీరు ఒక్కరే ఉంటారు. సరిగ్గా ఆపినా తిట్లు తప్పవు. ఆపాల్సినప్పుడు ఆపకపోయినా, అదృష్టం బాగుంటే ఎవరికీ తెలియదు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక అడుగు దూరం జరుగుతారు. దానికి సిద్ధపడే కుర్చీలో కూర్చోండి.

పలమనేరు

రిటైరైనాక తిరుపతి ఇంట్లో నేను చుట్టాన్నే. ఏ గిన్నె ఎక్కడుంటుందో తెలియదు. కరెంటు పోయి ఫ్యాను ఆగితే ఉలిక్కిపడి లేచి కూర్చుంటాను. "ఈడ ఏ బాయిలరూ ట్రిప్పయి ఆగలేదు, పడుకో" అంటుంది కస్తూరి. సాయంత్రాలు అలిపిరి దాకా నడుస్తాను. మెట్లెక్కేవాళ్ళు గుంపులు గుంపులుగా పోతుంటారు. కాసేపు చూసి తిరిగి వస్తాను. యేసుపాదం ఉంటే ఫోను చేసేవాణ్ణి. అతను పోయి చాలాకాలమైంది.

చెంగల్రాయులు గారు పలమనేరులో కూతురి దగ్గర ఉన్నారని తెలిసింది. ఒకరోజు బస్సెక్కాను. విచారణలో ఎందుకు నోరు విప్పలేదో అడిగి తీరాలనే పోయాను. క్షేమం కనుక్కోవడానికి పోయానని చెప్పుకోను.

ఊరి చివర ఇల్లు, పక్కన ఆవుల కొట్టం. ఆయన మంకీటోపీ పెట్టుకొని ఎండలో కూర్చుని ఉన్నారు. బాగా వయసు మీద పడింది, మాట మాత్రం అదే.

"ఎవురప్పా?"

"గుణశేఖర్ సార్. బాయిలరు డెస్కు."

"రా, రా. కుర్సీ లాక్కో. నువ్వు టర్బైను గదూ?"

"కాదు సార్. బాయిలరు."

"ఓహో" అన్నారు. మొహంలో గుర్తు లేదు. పేరు చెప్పాను, ఊరు చెప్పాను, బూడిద విభాగం చెప్పాను. "ఎంతమందికి నేర్పినానప్పా, అందరూ యాడ గ్యాపకముంటారు" అన్నారు. చివరికి, ఎన్నేళ్ళుగానో ఇతరులు అంటే మండిపడ్డ మాట నా నోటితో నేనే అన్నాను.

"చక్కెర మిల్లు నుంచి వచ్చినాను సార్. పిప్పి అనేవాళ్ళు నన్ను."

"పిప్పి... ఆఁ. ఉండినాడు ఒగడు" అన్నారు, ఇంకెవరి గురించో అన్నట్టు.

కాఫీ వచ్చింది. లేచి వచ్చేద్దామనిపించింది. అయినా అడిగాను. "డ్రమ్ము గాజు వాల్వులు మూసి మరిచిపోయిన రోజు గుర్తుందా సార్?"

ఆయన నిటారుగా కూర్చున్నారు. "ఎట్ల మరిసిపోతానప్పా! కింది వాల్వు చక్రం బిగుసుకొనుండె. నా చెయ్యి కాలింది, ఇదో సూడు, ఈడ. నీళ్ళు యాడుండాల్నో ఆడే ఉండాయి. మీటర్లు తప్పు. అయినా ప్రభాకర్ ఆపినాడు సూడు! కనపల్లేదు, ఆపినాడు. ఎవుర్నీ అడగలేదు. డెస్కు మనిషంటే వాడప్పా. నేను రిటైరైనాక ట్రైనింగు సెంటర్లో పాఠాలకు పిలిస్తే, ప్రతి బ్యాచికీ వాడి కతే చెప్పేవాణ్ణి."

కాఫీ గ్లాసు కింద పెట్టాను.

"సార్, ప్రభాకర్ ఫోన్లో ఉండినాడు. నొక్కింది నేను."

"నువ్వా?"

"నేనే సార్. వాడి భుజం మీదుగా వంగి నొక్కినాను. విచారణలో మీరు నా పక్కనే కూర్చున్నారు."

ఆయన మంకీటోపీ పైకి జరిపి నా మొహం చూశారు. "డెస్కు డ్యూటీ ప్రభాకర్ది గదా. అందుకని వాడే అనుకుంటా ఉండాను. ఆ విచారణలో నా బుద్ధంతా ఆ మూసిన వాల్వుల మిందే ఉండింది."

"నాకోసం ఒక్క మాట చెప్పుంటే ఏం పోయేది సార్?"

"నన్ను ఎవురూ అడగలేదు గదప్పా" అన్నారు. దాచిపెట్టి అన్నది కాదు. ఆయనకు అది నిజంగానే జవాబు.

నేను లేచాను. ఆయన కర్ర పట్టుకొని గేటు దాకా వచ్చారు. ఆవుల కొట్టంవైపు చూస్తూ, "ఇన్ని బ్యాచిలకు తప్పు పేరు చెప్పినాను. ఆ పిలకాయలంతా ఇప్పుడు యాడ్యాడ ఉండారో. యాడికి పోయి సరిజేసేదప్పా?" అన్నారు. నేను గేటు దగ్గరికి వేసి నడిచాను. బస్సు దొరికింది. దిగేదాకా ఎవరికైనా ఈ మాట చెబుదామని ఫోను చేతిలో పట్టుకునే ఉన్నాను. చెప్పదగిన పేరు అందులో ఒక్కటీ కనపడలేదు.

ఇంటికొచ్చి కస్తూరికి చెప్పాను. ఓపికగా విన్నది. "ఇప్పుడైనా ఆయనకు తెలిసింది గదా, ఇంగ వొదిలెయ్" అన్నది. వదిలేసేవాణ్ణయితే ఇది రాసేవాణ్ణి కాదు.

ఆయన దగ్గర పాఠం విన్న పిల్లలు ఎక్కడెక్కడో డెస్కుల ముందు కూర్చుని ఉంటారు. వాళ్ళకు ఒక్క మాట. మీరు విన్న కథ నిజం. గాజులో గీత లేదు, వాల్వులు మూసి ఉన్నాయి, డ్రమ్ములో నీళ్ళు ఉన్నాయి, అయినా ఆపడమే సరి. అంతా అలాగే గుర్తుపెట్టుకోండి. పేరు ఒక్కటే మార్చుకోండి. ఆ రోజు ఆపింది కుర్చీలో ఉన్నవాడు కాదు. వెనక నిలబడి ఉన్నవాడు.